విత్తనాల మూట కట్టే దాకా

ఆ ఊళ్లో నేను చేసే ఉద్యోగమేమిటో మా అమ్మకు ఇప్పటికీ అంతు పట్టదు. సాలూరులో ఎవరైనా అడిగితే "అరకు దాటాక కొండ మీద పాటలు పడుతుంది" అని చెబుతుంది, నేనేదో వల వేసి చేపలు పడుతున్నట్టు. నేను పాటలు పట్టను. పాటలు పట్టే మిషను చచ్చిపోకుండా కాపలా కాస్తాను. కొండ భాషల్లో పెద్దవాళ్లు చెప్పే కథలూ పాడే పాటలూ రికార్డు చేసి దాచే చిన్న సంస్థ మాది. ఆ పనికి ఊరి మధ్యలో ఒక గది ఉంది. రేకుల కప్పు, గోడకి ఇన్వర్టరు, బల్ల కింద నగరం ఆఫీసులో వాడి వాడి వదిలేసిన పాత సర్వరు. దాని హోరుకి మొదట్లో కుక్కలు మొరిగేవి. తరవాత కుక్కలు అలవాటు పడ్డాయి గానీ నేను పడలేదు.

గదికి ఎదురుగా, ఒక జీపు పట్టేంత దారికి అవతల, మామ్మ ఇల్లు. ఆవిణ్ణి ఊరంతా మామ్మ అనే పిలిచేది, నేనూ అంతే. ఆవిడ కూతురు ఘాట్ రోడ్డు మలుపులో టీ దుకాణం నడుపుతుంది. యాభై దాటిన మనిషి, గట్టి చేతులు, అంతకంటే గట్టి నోరు. మొదటిరోజే నన్ను "సెల్లీ" అంది, నేను "అక్కా" అన్నాను, ఇక అలాగే ఉండిపోయింది. నేను చేసే పని గురించి ఆవిడకున్న అభిప్రాయం మా అమ్మ అభిప్రాయం కంటే గొప్పదేం కాదు. "తెల్లారిలెగిస్తే ఆ డబ్బా ముందర కూకుంటావు. అదేటైనా గుడ్లు పెడతాదేటి?" అని అడిగేది.

కానీ ఆ డబ్బాతో ఆవిడకి ఒక పని పడింది. ఈ కథంతా ఆ పని గురించే.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది, మగవాళ్లు అడవికి వేటకెళ్తారు. విత్తనం నేలలో పడకముందు, ఇంటింటి నుంచీ తెచ్చిన రాగులు, సామలు, కందులు, వలిసెలు చాపమీద కుప్పగా పోసి, దాని ముందు కూర్చుని మామ్మ ఒక పాట పాడేది. ఆ విత్తనాన్ని ఇంతకాలం కాపాడిన ఆడవాళ్ల పేర్లే ఆ పాట. ఫలానా ఆవిడ ఏ కొండ దాటి వచ్చింది, కొంగున ఏ గింజ కట్టుకొచ్చింది, ఎవరికి అప్పగించింది, అలా ఒకరి తరవాత ఒకరు. చివరి పేరు పాడే మనిషి తల్లిది. ఆ పేరు పలికాక ఒక పిడికెడు గింజలు గుడ్డలో పోసి మూట కడితే పాట అయిపోయినట్టు. మామ్మకి ఆ పాట వాళ్లమ్మ నుంచి వచ్చింది. మామ్మ తరవాత అక్క పాడాలి. ఇంకెవరూ పాడకూడదు.

ఆ ఊరి కట్టుబాట్లు చెప్పకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. ఆ పాట ఏడాదికి ఒక్కసారే, ఆ ఒక్కరోజే పాడాలి. మొదలుపెట్టాక మూట కట్టే దాకా అక్కడ కూర్చున్నవాళ్లెవరూ లేవకూడదు, మాట్లాడకూడదు. లేస్తే ఆ ఏటి విత్తనం చెడినట్టే, పాడే మనిషి అక్కడితో ఆపేస్తుంది. పండగ వెళ్లాక ఆ పాటని కూనిరాగం కూడా తియ్యకూడదు, తీస్తే నేలలో గింజ కుళ్లిపోతుందని. చెప్పులు బయట విడిచి, ఫోన్లు ఒక చాటలో పెట్టి మరీ వచ్చి కూర్చోవాలి. మైకుకి మాత్రం మామ్మ ఒప్పుకుంది, అదీ కూతురి పోరు పడలేక.

అక్కకి ఆ పాట రాదు. చిన్నప్పుడంతా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంది. "పరీచ్చలన్నీ అప్పుడే కదా సెల్లీ. పండక్కి ఒగ్గేవోరు కాదు. తరవాత పెళ్లై ఏరే కొండకెలిపోనాను. ఆయన పోయాక తిరిగొచ్చేసరికి, ముందు కొంచెం వొచ్చు, ఎనకదంతా గజిబిజి" అని ఒకసారి గ్లాసులు కడుగుతూ చెప్పింది. ఏడాదికొకసారి వింటే ఎవరికి వస్తుంది అంత పాట? మామ్మకి చూస్తే రెండేళ్లుగా ఆయాసం. మంచినీళ్ల బిందె దించాక గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడేది. అందుకే అక్క ఒకరోజు మా గదిలోకి వచ్చి, మొదటిసారి ఆ డబ్బా వంక మర్యాదగా చూసి, "మాయమ్మ పాట ఇందులో పెడతావా? ఏడాదంతా ఇని నేర్సుకుంతాను. పాడకూడదు గానీ ఇనకూడదని ఎవులూ సెప్పలేదు" అంది.

ఆవిడ తెలివికి నాకు ముచ్చటేసింది. తప్పకుండా అన్నాను. ఆ తప్పకుండా అన్న మాట ఇప్పటికీ చెవుల్లో గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మిషను సంగతి. కంప్యూటరును లోపలి నుంచి నడిపించేదాన్ని కెర్నెల్ అంటారు. అది కుప్పకూలితే మిషను మొత్తం బిగుసుకుపోతుంది. తిరిగి లేచేసరికి మెమరీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మా డిస్కు ముసలిది, మైకుల నుంచి వచ్చే ధ్వనిని వెంట వెంటనే రాయలేక మధ్యలో ముక్కలు మింగేసేది. అందుకని నగరంలో ఉండే మా ఇంజనీరు, రికార్డింగు ముందు మెమరీలో నిండి, మేము ఆపాక తీరిగ్గా డిస్కులోకి వెళ్లేలా ఏర్పాటు చేశాడు. దానికోసం మెమరీలో చాలా భాగం ముందే పక్కకి తీసిపెట్టమని బూట్ లైన్లో ఒక మాట చేర్చాడు. బూట్ లైను అంటే మరేం లేదు, కెర్నెల్ నిద్రలేచేటప్పుడు దాని చెవిలో వేసే ఆజ్ఞల వరుస.

అంతా బాగానే ఉంది గానీ, మైకులు తగిలించే పెట్టెకీ ఆ కెర్నెల్‌కీ పడేది కాదు. రికార్డింగు కాస్త పొడుగైతే చాలు, ఉన్నట్టుండి తెర నల్లబడి తెల్లటి అక్షరాలు జలజలా రాలేవి, కెర్నెల్ పడిపోయేది. ఇంజనీరుకి ఫోన్ చేస్తే, "పడిపోయిన క్షణంలో మెమరీలో ఏముందో నాకు కావాలి మేడం. అది లేకుండా నేను జ్యోతిష్యం చెప్పలేను" అనేవాడు. అతనిది తప్పని కూడా అనలేను. అలాంటి గడియ కోసమే క్రాష్ కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. మెమరీలో ఒక చిన్న మూల దానికోసం విడిగా కేటాయించి, చిన్న కెర్నెల్‌ని అందులో ముందే కూర్చోబెట్టి ఉంచుతారు. పెద్దది కూలగానే చిన్నది లేస్తుంది. తన మూల దాటకుండా, మిగతా మెమరీని ఉన్నది ఉన్నట్టు డిస్కులోకి రాసి, అప్పుడు మిషనును మళ్లీ స్టార్ట్ చేస్తుంది. ఏదీ వదలకుండా అంతా రాయమని ఇంజనీరు ముందే పెట్టాడు. అంటే అది సరిగ్గా పనిచేస్తే, రికార్డింగు మధ్యలో కెర్నెల్ పోయినా అప్పటిదాకా పాడింది మనకి దక్కుతుంది.

అది సరిగ్గా పని చెయ్యలేదు. పెద్దది కూలేది, చిన్నది లేచేది, లేచీ లేవగానే అదీ కూలేది. ఎందుకో తెలిసేది కాదు. అక్షరాలు చదివే లోపే తెర మారిపోయేది. నాకు తలప్రాణం తోకకొచ్చింది. పండగ దగ్గరపడుతుంటే చివరికి ఒకరోజు మైకు ముందు కూర్చుని, కావాలని, పాత దినపత్రిక మొత్తం గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఫోన్‌ని డబ్బాల మీద నిలబెట్టి తెర వైపు వీడియో పెట్టాను. సినిమాలైపోయి, క్రీడలైపోయి, వాతావరణ సూచనలో కోస్తాకి వానలు పడుతుండగా మిషను పడిపోయింది. జీవితంలో మొదటిసారి అది పడినందుకు సంతోషించాను.

ఆ తరవాత కరెంటు పోయింది. ఎక్కడో సిల్వర్ ఓక్ చెట్టు విరిగి తీగల మీద పడిందన్నారు. ఫోన్ చచ్చింది, ఇన్వర్టరు చచ్చింది. సరిగ్గా పండగనాటి పొద్దున్న కరెంటొచ్చింది. ఫోన్ చార్జింగులో పెట్టి, ఆ వీడియోని ఒక్కొక్క బొమ్మగా ఆపుకుంటూ చూశాను. చిన్న కెర్నెల్ లేచింది. తనకి చెప్పిన ఆజ్ఞల వరుసని తెర మీద రాసింది. అది చదివి నా నెత్తి నేనే కొట్టుకున్నాను. ఆ వరుస దానిది కాదు. దానికి విడిగా ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి, పెద్ద కెర్నెల్ బూట్ లైనునే పొల్లుపోకుండా తన మీద వేసుకుంది. అందులో ఉందిగా, చాలా మెమరీ పక్కకి తీసిపెట్టమనే మాట. చిన్నదానికి ఉన్నదే ఆ మూల. ఉన్న మూలనంతా ఆజ్ఞ ప్రకారం పక్కకి తీసిపెట్టేసి, తాను పని చెయ్యడానికి చోటు లేక ఊపిరాడక చచ్చింది. సంత రోజు పెద్ద డేగిశాలో పెట్టే టీకి రాసిన కొలతల్ని గ్లాసుడు నీళ్లు పట్టే గిన్నెలో పోసినట్టు.

దీనికి మందు చాలా చిన్నది. పెద్దదాని వరుసలోంచి చిన్నదానికి పనికిరాని మాటలు ఏవేవి తీసేయాలో రాసుకునే ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ఆ మాట చేర్చి సేవ్ చేశాను. అయితే అంతటితో కాదు. మిషను లేచినప్పుడే చిన్న కెర్నెల్ పాత వరుసతో సహా తన మూలలో కూర్చుని ఉంటుంది. దాన్ని లేపి, కొత్త వరుసతో మళ్లీ కూర్చోబెట్టాలి. దానికి ఒక్క ఆజ్ఞ చాలు. రికార్డింగు నడుస్తున్నా ఇబ్బంది లేదు. మైకు సరిచూడటానికి రికార్డింగు అప్పటికే మొదలుపెట్టి ఉంచాను. ఆ ఆజ్ఞ టైపు చేశాను. ఎంటర్ నొక్కడమే తరువాయి.

"బేగి రా సెల్లీ! కోడి మైకు పడదోసీసినాది!" అని బయట నుంచి అక్క కేక.

పాట మధ్యాహ్నం కదా, వేటకెళ్లిన మగవాళ్లు తిరిగొచ్చాక కదా అనుకున్నాను. అప్పటికి రికార్డింగు పని మీద సీతంపేట వెళ్లిన మా సంస్థ వాళ్లు కూడా చేతి రికార్డరు పట్టుకుని జీపులో వచ్చేస్తారు. రెండూ పెట్టుకుంటే బెంగ ఉండదనుకున్నాను. లేచి దారి దాటి వెళ్లాను. మామ్మ వాకిట్లో చాప మీద గింజల కుప్ప, చుట్టూ ఆడవాళ్లూ ముసలివాళ్లూ. కోడి కుప్ప మీదికి రాబోతే ఎవరో అదిలించారట, అది మైకు స్టాండు మీద పడింది. నేను మామ్మ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని స్టాండు నిలబెట్టి మర బిగిస్తున్నాను. మామ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆసరాకి అనుకున్నాను.

"ఇప్పుడు ఊపిరి బాగుంది. మజ్జేనం దాకా ఉంటాదో ఉండదో" అంది. అని, మొదలుపెట్టేసింది.

నా చేతిలో మర ఇంకా సగమే బిగిసి ఉంది.

ఆవిడ గొంతు మొదట నాకు వినిపించలేదని చెబితే సిగ్గుగా ఉంటుంది గానీ అదే నిజం. నా కళ్లు దారి అవతలికి పోయాయి. గది తలుపు బార్లా తెరిచే ఉంది. బల్ల మీద తెర, తెర మీద పచ్చగా పాకుతున్న ధ్వని గీత, దాని కింద నేను టైపు చేసి వదిలేసిన ఆజ్ఞ. కేక వేస్తే వినబడేంత దూరం, కానీ కేక వెయ్యడానికి వీల్లేదు. సైగ చేద్దామంటే గది వైపు ఎవరూ లేరు, ఊరంతా ఈ వలయంలోనే ఉంది. ఫోన్లన్నీ చాటలో, నాదేమో గదిలో చార్జింగులో. ఇవాళ పడకపోవచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. పడకుండా నడిచిన రోజులు లేవా? ఉన్నాయి. పొట్టి పాటల రోజులు.

కాసేపటికి భయం కాస్త తగ్గి పాట వినబడటం మొదలైంది. దాని భాష నాకు సగం కూడా రాదు. కానీ పేరు వచ్చిన ప్రతిసారీ మామ్మ గొంతు కొంచెం కిందికి దిగేది, ఇంట్లోకి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర తల వంచినట్టు. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒక్కొక్క పేరు దగ్గర ఒక్కొక్కరు కళ్లు తుడుచుకున్నారు. అక్క తల్లి నోటి వంకే చూస్తోంది, పెదాలు కదుపుతూ. కొంతదూరం ఆ పెదాలు పాటతో కలిసి నడిచాయి. ఆ తరవాత ఆగిపోయాయి. ఆగినచోట ఆవిడ నా వైపు చూసి చిన్నగా నవ్వింది. ఫరవాలేదు, నువ్వు పడుతున్నావుగా అన్న నవ్వు.

నేనూ నవ్వాను. నవ్వి తల తిప్పేసరికి తెర నల్లగా ఉంది.

అక్షరాలు అంత దూరం నుంచి కనపడవు. కనపడక్కర్లేదు, వాటి ఆకారాలు నాకు కంఠతా వచ్చు. ముందు తెల్లటి వాన, అది పెద్దది కూలడం. తరవాత చిన్న విరామం. తరవాత పైనుంచి మళ్లీ వరసలు, అది చిన్నది లేవడం. లేచింది తల్లీ, లేచింది, ఈ ఒక్కసారికి ఆ మాట వినకు, వదిలెయ్, నీకు రాసింది కాదది అని మనసులో బతిమాలుకున్నాను. మిషనుతో అలా మాట్లాడినదాన్ని నేనొక్కదాన్నే అయివుండను. వరసలు ఒక చోటికొచ్చి తడబడ్డాయి, కుదించుకుపోయాయి. తెర మళ్లీ నల్లబడింది. తరవాత మిషను తయారుచేసిన కంపెనీ బొమ్మ తీరుబడిగా వచ్చి కూర్చుంది. అంటే మెమరీ అంతా తుడిచేసి మిషను మొదటి నుంచి లేస్తోందన్నమాట.

ఏం చెయ్యను? లేచి ఉంటే మామ్మ పాట ఆపేసేది. మళ్లీ మొదలెట్టదు, ఆ ఏటి విత్తనం చెడినట్టే. పరుగెత్తి రికార్డింగు నొక్కినా దొరికేది ఆగిపోయిన పాట. కూర్చుంటే పాట పూర్తవుతుంది, ఎక్కడా ఉండదు. కక్కలేక మింగలేక అలా కూర్చునే ఉన్నాను. మామ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ చెయ్యి బరువెక్కేది. ఆవిడ ఉన్న ఊపిరంతా పోసి పాడుతోంది, నేను నిలబెట్టిన మైకులోకి, మైకు తీగలోంచి దారి దాటి, ఎవరూ లేని గదిలోకి. అది అక్కడ ఉన్న అందరిలో నాకొక్కదానికే తెలుసు. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చున్నావిడ, పాట తగిలిందనుకుందేమో, నా వీపు నిమిరింది.

కనీసం నేనైనా గుర్తుపెట్టుకుందామని ప్రయత్నించాను. రాని భాషలో, తెలియని పేర్లు. ఒకటి పట్టుకుంటే ముందుది జారిపోయింది.

చివరికి మామ్మ తన తల్లి పేరు పలికి, పిడికెడు గింజలు గుడ్డలో పోసి మూట కట్టింది. అందరూ లేచారు. అక్క ముందు నా దగ్గరికే వచ్చింది.

"అంతా వొచ్చినాదా సెల్లీ?"

"లేదక్కా. మిషను పడిపోయింది."

"ఎంత వొచ్చినాది?"

"ఏమీ రాలేదక్కా."

ఆవిడ తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. ఆవిడ నోటికి అది పెద్ద పనేం కాదు. ఆవిడ నా వంక చూసి, గది వంక చూసి, చాప మీద చెదిరిన గింజలు ఏరడానికి కూర్చుంది. మామ్మకి సంగతి చెబితే ఆయాసపడుతూనే నవ్వింది. "నాలాగే ముసల్దైపోనాదేటి ఆ మిషను? పోన్లే, వొచ్చే ఏడు పాడతానులే" అంది. ఆవిడ అలా ఓదార్చడం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

గదిలోకి వెళ్లేసరికి మిషను బుద్ధిగా లేచి కూర్చుని ఉంది. నేను టైపు చేసిన ఆజ్ఞ పోయింది, ఇక దాని అవసరమూ లేదు. మిషను కొత్తగా లేచింది కదా, చిన్న కెర్నెల్ మార్చిన వరుసతోనే తన మూలలో కూర్చుంది. అంటే ఆ ఆఖరి పతనంతో అంతా దానంతటదే బాగుపడింది. మర్నాడు పరీక్ష కోసం అదే దినపత్రిక మళ్లీ చదివి కావాలని పడగొట్టాను. పెద్దది కూలింది, చిన్నది లేచింది, తనకి అక్కర్లేని మాట పక్కన పెట్టింది, మెమరీ అంతా ఒద్దికగా డిస్కులోకి రాసింది. అందులోంచి నా గొంతు ఒక్క ముక్క పోకుండా బయటికొచ్చింది. కోస్తాలో అక్కడక్కడా వానలు. నగరంలోని ఇంజనీరు, డంపు అనే ఆ మెమరీ నకలు చూసి మైకుల పెట్టె జబ్బు కూడా కనిపెట్టేశాడు, "బ్రహ్మాండంగా వచ్చింది మేడం" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

వానల్లో మామ్మకి ఆయాసం ఎక్కువైంది. పాడేరు ఆసుపత్రికి జీపులో తీసుకెళ్లి, కొన్నాళ్లుంచి, తిరిగి తీసుకొచ్చారు. అక్క దుకాణం మూసి తల్లి మంచం పక్కనే ఉండేది. పాడొద్దు, ఉత్తినే పేర్లు చెప్పమని అడిగేది. మామ్మకీ చెప్పాలనే ఉండేది. రెండు మూడు పేర్లు చెప్పి, ఆగి, చూరు వంక చూసి, మళ్లీ మొదటికి వచ్చేది.

"పాడితేనే వొస్తాయే. సెప్తే రావు" అనేది.

"అలగైతే పాడీ. మెల్లగా, నాకొక్కదానికే" అంది అక్క ఒకసారి. నేను అక్కడే ఉన్నాను. బయట వర్షం, పొలాల్లో సామలు జానెడు లేచి ఉన్నాయి. మామ్మ ఆ పొలాల వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఊరందరి తిండి అది. అక్క మళ్లీ అడగలేదు. నాకు మాత్రం ఆ కట్టుబాటు మీద, ఆ సామల మీద, ఆ వాన మీద, నా మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. అది ఎవరి మీద చూపాలో తెలియక మిషను ఫ్యాన్లలో దుమ్ము దులిపాను.

వలిసె పూలు పూసేనాటికి మామ్మ పోయింది.

మళ్లీ చైత్రం వచ్చింది. చాప, గింజల కుప్ప, చాటలో ఫోన్లు. ఈసారి మధ్యలో అక్క. నేను పొద్దున్నే అన్నీ సరిచూసి, నొక్కాల్సినవన్నీ నొక్కి, చేతి రికార్డరు కూడా పెట్టి, కోడిని బుట్ట కింద మూసి వచ్చి కూర్చున్నాను. అక్క మొదలుపెట్టింది. తల్లి గొంతు కాదు, ముతక గొంతు, కానీ పేరు దగ్గర అలాగే దిగింది. ఒక పేరు, ఇంకొక పేరు. పోయినేడు పెదాలు ఆగినచోటు దగ్గరపడుతోందని నాకు తెలుసు. మామ్మ మంచం మీద చెప్పిన రెండు పేర్లు దానికి అతికించింది. అంతే. అక్కడ ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. మూట కట్టే దాకా లేవకూడదు. పాట అయ్యే దాకా మూట కట్టకూడదు. పాట ఎలా నడుస్తుందో ఆవిడకి తెలియదు, ఎవరికీ తెలియదు. అది దాగి ఉండాల్సిన ఒక్క చోటుకీ, దారి అవతలి ఆ మిషనుకి, కాపలా కాసింది నేనే. ఎండ చాప మీదికి పాకింది. ఎవరో దగ్గారు. బుట్ట కింద కోడి గునిసింది. అక్క కళ్లు మూసుకుని, చేతులు గింజల మీద పెట్టి, ఊపిరి తీస్తూ వదులుతూ ఉంది. వాళ్లమ్మ ఎంతసేపు పాడేదో అంతసేపూ ఆవిడ అలాగే కూర్చుందని నాకు తరవాత తట్టింది. అప్పుడు కళ్లు తెరిచి, తనకి కచ్చితంగా తెలిసిన ఆఖరి పేరు, వాళ్లమ్మ పేరు, గొంతు దించి పాడింది. పిడికెడు గింజలు గుడ్డలో పోసి మూట కట్టింది.

అందరూ లేచి ఎవరి విత్తనం వాళ్లు పంచుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం అక్క గదిలోకి వచ్చింది. మిషను ఆ రోజు పడలేదు. ఆవిడకి హెడ్‌ఫోన్స్ తగిలించి రికార్డింగు పెట్టాను. స్టూలు మీద వంగి కూర్చుని, బల్ల అంచు పట్టుకుని వింది. కాసేపటికి ముఖంలో కంగారు కనిపించింది. హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి తప్పించి నా వంక చూసింది.

"ఆగిపోనాదేటి సెల్లీ, మిషను?"

"లేదక్కా. నడుస్తూనే ఉంది."

తెర మీద పచ్చగీత సన్నగా, దాదాపు తిన్నగా పాకుతోంది. ఆవిడ దాన్ని చూసి, హెడ్‌ఫోన్స్ మళ్లీ సర్దుకుని, వాళ్లమ్మ పేరు వచ్చే దాకా స్టూలు మీంచి లేవలేదు.